ఏ బోటెక్కితే ఆ బోటు మనిషి

నూకాలపేట అప్పలరాజు చేతికి మైకు దొరికితే దాన్ని మళ్ళీ లాక్కోవడానికి కనీసం ఇద్దరు కావాలి. ఒడిశాలో ఛత్రపూర్ అవతల సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఆ జాలారిపేటలో పెళ్ళయినా, అమ్మవారి పండగైనా, క్రికెట్ ఆటైనా మాట్లాడేది ఆయనే. బతుకుతెరువు చేపల వ్యాపారం. ఊరి పెద్దరికం మాత్రం ఎవరూ కట్టబెట్టలేదు. మిగతావాళ్ళు విసిగి ఊరుకునేదాకా మాట్లాడగలడు కాబట్టి దానంతటదే వచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా ఊరి టీముకి కెప్టెనూ ఆయనే. వయసు నలభై ఆరు. ఎడమ మోకాలు సగమే వంగుతుంది. ఇక దిగిపో బాబూ అని చెప్పే ధైర్యం టీములో ఎవరికీ లేదు.

రెండు నెలలుగా ఆయన ఏ మైకు పట్టుకున్నా ఒక్కటే విషయం, విశ్వాసం. పుట్టిన ఊరి మీద ఉండాల్సిన విశ్వాసం. మొన్నటికి మొన్న ఎవరింట్లోనో పాప బారసాల జరుగుతుంటే అక్కడా అదే అందుకున్నాడు. తొట్లో పాప గుక్కపెట్టి ఏడ్చినా ఆపలేదు.

దీనికంతటికీ కారణం సంతోష్. అప్పలరాజు చెల్లెలి కొడుకు, ఇరవై నాలుగేళ్ళవాడు. టెన్నిస్ బంతితో అంత జోరుగా వేసేవాడు గంజాం జిల్లా మొత్తంలో లేడని పేరు. వాడికా విద్య నేర్పింది అప్పలరాజే. చిన్నప్పుడు తడి ఇసకలో వల బెండు ఒకటి సగం పాతిపెట్టి, "ఇది బేట్స్‌మన్ బొటనేలు అనుకోరా గుంటా, దీన్ని కొట్టు" అనేవాడు. బెండుకి బంతి తగిలిన ప్రతిసారీ అత్త జగ్గమ్మ ఒక ఉడకబెట్టిన గుడ్డు పెట్టాలని నియమం. మొదటి నెలలో రెండు గుడ్లు ఖర్చయ్యాయి. రెండో ఏడు వచ్చేసరికి ఇంట్లో కోళ్ళు పెట్టిన గుడ్లు చాలక బజార్లో కొనాల్సి వచ్చింది. ఆ సంగతి జగ్గమ్మ ఇప్పటికీ మొగుణ్ణి దెప్పుతూనే ఉంటుంది.

అలాంటి సంతోష్‌ని బరంపురం వ్యాపారి హేమచంద్ర తన టీములోకి కొనేసుకున్నాడు.

హేమచంద్రకి బరంపురం గోసాని నువాగాం పేటలో పప్పుల హోల్‌సేల్ కొట్టుంది. నిరుడు ఎదురు కొట్టువాళ్ళ టీము ఛత్రపూర్‌లో జరిగే ఖాసీ కప్పు గెలిచి, ఆ సంగతి పెద్ద బ్యానరు మీద రాయించి కట్టింది. అది ఏడాది పొడుగునా ఈయన గల్లాపెట్టెకి ఎదురుగా ఊగింది. ఈయనకి అన్నం సయించలేదు. ఈ ఏడు భంజనగర్ నుంచి ఇద్దరు బేట్స్‌మన్‌లనీ, ఎక్కడి నుంచో ఒక కీపర్‌నీ, నూకాలపేట నుంచి సంతోష్‌నీ డబ్బిచ్చి తెచ్చుకున్నాడు. వీపు మీద పేరు రాసిన రంగు చొక్కాలు కుట్టించాడు. బస్సు కూడా పెట్టాడు. ఖాసీ కప్పు అంటే కప్పుతో బాటు బాగా మేపిన మేకపోతు కూడా ఇస్తారు. నిజం చెప్పాలంటే కప్పుని ఎవరూ పట్టించుకోరు, అందరి కళ్ళూ మేకపోతు మీదే. హేమచంద్రకి మాత్రం అటువంటి ఆశలేం లేవు. వాళ్ళింట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. ఆయనకి కావలసింది బ్యానరు.

ఈ కబురు తెలిసిన రోజు అప్పలరాజు వలలు బాగుచేసుకునే పాకలో పదిమంది ఎదట సంతోష్‌ని నిలేశాడు.

"అమ్ముడుపోయినావురా!"

"అవును మావా," అన్నాడు సంతోష్ శాంతంగా. "తాబేళ్ళు గుడ్లెట్టే నెలల్లో మనకి వేట బందు. ఏటేటా కేరళ ఎల్లి పరాయోళ్ళ బోటెక్కుతున్నాను. అప్పుడు అమ్ముడుపోనేదేటి? ఈ ఏడు మా ఇంటిది సస్మితకి ఏడో నెల. ఇంటికాడ ఉండాలని ఉంది. అక్కడిచ్చే డబ్బే ఈయనా ఇస్తన్నాడు. అక్కడ సేపలు, ఇక్కడ బంతులు."

"సేపలకి ఊరుండదురా! బంతికి ఉంటాది!"

ఈ మాటకి అర్థమేమిటో అక్కడున్న పదిమందికీ అంతుపట్టలేదు. అప్పలరాజుకీ పూర్తిగా పట్టలేదు గానీ గట్టిగా అన్నాడు కనుక నెగ్గినట్టే అనుకున్నాడు. ఆ రోజు నుంచి మేనల్లుడితో మాటల్లేవు.

జరగకూడనిదే జరిగింది. పదకొండేళ్ళ తర్వాత నూకాలపేట ఫైనలుకి వచ్చింది. అవతల హేమచంద్ర టీమూ వచ్చింది. ఆ వారమంతా అప్పలరాజు కాలు నేల మీద నిలవలేదు. ఆదివారం సాయంత్రం ఊరందరికీ మేక కూర అని వీధివీధినా చాటించేశాడు. జగ్గమ్మ చేత పొద్దున్నే అల్లం, వెల్లుల్లి, గసగసాలు నూరించాడు.

"మేక ఇంకా ఆళ్ళ కాడే ఉంది. మసాలా ఇప్పుడే ఏటి తొందర?" అంది జగ్గమ్మ.

"నువ్వు నూరు. నాకు తెలుసు."

ఆయనకి తెలిసిందేమిటంటే, రాత్రంతా ఆలోచించి ఆయన ఒక పథకం వేశాడు. విశ్వాసం గురించి రెండు నెలలు ఉపన్యాసాలిచ్చిన మనిషికి ఆ పథకం ఎలా తట్టిందో ఆ నూకాలమ్మకే తెలియాలి. ఆయన లెక్కలో మాత్రం అది మోసం కాదు, సాక్షాత్తూ విశ్వాసమే.

ఆట మొదలవడానికి గంట ముందు మైదానం పక్కన టీ కొట్టు వెనకాల సంతోష్‌ని పట్టుకున్నాడు. రెండు నెలల తర్వాత మొదటి మాట.

"సూడు నాయనా. సివరి ఓవరు ఎలాగూ నీకే ఇస్తారు. నాను క్రీజులో ఉంటాను. లెగ్గు మీద నెమ్మదిగా ఒక్కటియ్యి, ఒక్కటే. పాన్ డబ్బా వైపు బౌండరీ దగ్గిర కదా, మిగతాది నాను సూసుకుంటాను. ఎవడికీ తెల్దు. ఊరి కోసం రా!"

సంతోష్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"మావా, గంగన్న తగువు గుర్తుందా?" అన్నాడు.

గుర్తు లేకేం. ఆ తీర్పు చెప్పింది అప్పలరాజే. నిరుడు గంగన్న అనేవాడు కూలికి ఢిల్లీశ్వరరావు బోటెక్కాడు. నడిసముద్రంలో చేపల గుంపు కనబడితే ఆ బోటువాళ్ళకి చెప్పకుండా, దూరంగా ఉన్న తన అన్న బోటుకి తువ్వాలు ఊపి చూపించాడు. సాయంత్రం తగువు పెట్టారు. అన్న కోసం చేశాను, తప్పేంటన్నాడు గంగన్న. అప్పలరాజు మైకు లేకపోయినా మైకున్నంత గట్టిగా అన్నాడు: "ఏ బోటెక్కితే ఆ బోటు మనిషివి, దిగేదాకా. అన్న, తమ్ముడు అన్నీ ఒడ్డుకొచ్చాకే."

శిక్ష కూడా ఆయనే వేశాడు. నూకాలపేటలో పెద్దవల లాగేటప్పుడు తాడు మీద చెయ్యేసిన ప్రతివాడికీ కూరకి చేపలు పెట్టి పంపాలి. పగవాడైనా, దారినపోయేవాడైనా సరే. తాతల నాటి నుంచీ ఉన్న కట్టుబాటు అది. గంగన్న నెల రోజులు ఏ తాడూ ముట్టకూడదన్నాడు అప్పలరాజు. అది విని గంగన్న పెళ్ళాం చంకలో పిల్లతో ఏడుస్తుంటే ఈయన మనసు కరిగింది. "శిచ్చ రేపు తెల్లారి నుంచి. ఇయ్యాల తాడు పట్టి కూర పట్టుకెల్లు, ఇంట్లో పిల్లలున్నారు" అని కూడా అన్నాడు.

"అది వేట, ఇది ఆట," అన్నాడు అప్పలరాజు ఇప్పుడు.

సంతోష్ మిగిలిన టీ తాగేశాడు. అత్త బాగుందా అని అడిగి, రంగు చొక్కా సర్దుకుని వెళ్ళిపోయాడు. కాదని నోటితో అనలేదు కదా, అంటే ఔననే అని అప్పలరాజు అర్థం చేసుకున్నాడు. చెల్లెలి రక్తం ఎక్కడికి పోతుందనుకున్నాడు. వెళ్ళి జగ్గమ్మతో, మసాలా కాస్త తక్కువైందేమో చూసుకోమన్నాడు.

ఆట పది ఓవర్లు. కామెంటరీ శ్యామసుందర్‌ది, ప్రతి మాటా ముందు తెలుగులో, వెంటనే ఒడియాలో చెప్పడం అతని అలవాటు. ముందు ఆడిన హేమచంద్ర టీము ఎనభై ఆరు కొట్టింది. అందులో సగం భంజనగర్ నుంచి వచ్చినవాళ్ళవే. నూకాలపేట కుర్రాళ్ళు చెప్పుల్లేని కాళ్ళతో పరుగెత్తి పరుగెత్తి ఒక్కొక్కటే కూడబెట్టారు. సంతోష్ మొదటి ఓవర్లో ఇద్దరు పోయారు. అది చూసి అప్పలరాజు మురిశాడు. అనుమానం రాకుండా ఉండడానికి బాగా వేస్తున్నాడు, తెలివైన గుంటడు అనుకున్నాడు.

చివరి ఓవరు మొదలైంది. తొమ్మిది కావాలి, చివరి జోడీ. సంతోష్ చేతిలో బంతి. అయిదు బంతుల్లో ఆరు వచ్చాయి, ఎలా వచ్చాయో దేవుడికెరుక. ఒకటి కీపర్ కాళ్ళ సందులోంచి, ఒకటి అప్పలరాజు బ్యాటు వెనక్కి తగిలి. ఇక ఒక్క బంతి, మూడు పరుగులు. స్ట్రైకులో అప్పలరాజు. ఆయన చుట్టూ తాపీగా చూశాడు. పాన్ డబ్బా వైపు బ్యాటు చూపించాడు. జనం ఈలలు వేశారు. తర్వాత సంతోష్ వంక తిరిగి ఎడమ కన్ను కొట్టాడు, రెండుసార్లు, ఒకసారి కొడితే వాడు చూడకపోవచ్చని.

సంతోష్ పరుగెత్తుకొచ్చాడు. అప్పలరాజు బంతి రాకముందే లెగ్గు వైపు జరిగి, బ్యాటు ఎత్తి, నెమ్మదిగా రాబోయే బంతి కోసం నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

బంతి ఆయన బొటనవేలు పక్కన, సరిగ్గా వల బెండు ఉండాల్సిన చోట పడింది. నడిమి వికెట్టు లేచి కీపర్ వెనకాల పడింది.

ఆయన బ్యాటు ఇంకా గాల్లోనే ఉంది. మొదట ఒళ్ళు మండింది. ఆ వెంటనే, తను అనుకోకుండానే, ఎంత బాగా వేశాడురా అనుకున్నాడు. పద్నాలుగేళ్ళ కిందట ఇసకలో తను పాతిన బెండు కళ్ళ ముందు మెదిలింది. కళ్ళు చెమర్చాయి. మేనల్లుడి మీద కోపం వల్లనే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు గానీ, అది కోపం కాదని ఆయనకి తెలుసు.

"మసాలా ఏటి సెయ్యమంటావు?" అని గట్టు మీద నుంచి జగ్గమ్మ అరిచింది.

బహుమతుల వేళకి హేమచంద్ర వేదిక ఎక్కి, కప్పు అందుకుని, మైకు తీసుకున్నాడు. మనిషి ఆనందం పట్టలేకుండా ఉన్నాడు.

"ఒక్క మాట చెప్పాలి. పొద్దున్న మావాళ్ళు నా దగ్గరికొచ్చి, సంతోష్ టీ కొట్టు వెనక వాళ్ళ మామతో ఏదో మాట్లాడుతున్నాడు, చివరి ఓవరు వాడికివ్వొద్దన్నారు. నేను వాణ్ణే పిలిచి అడిగాను. వాడేమన్నాడో తెలుసా? 'ఒప్పుకున్నాక ఒప్పుకున్నవాళ్ళకే ఆడాలి, నా వికెట్టు తియ్యాల్సొచ్చినా వెనకాడకు అని చెప్పడానికే మా మావ వచ్చాడు' అన్నాడు. ఈ రోజుల్లో ఇలాంటి పెద్దమనిషి ఎక్కడ దొరుకుతాడండీ!"

శ్యామసుందర్ ఇదంతా ఒడియాలో చెప్పాడు. రెండు భాషలవాళ్ళూ చప్పట్లు కొట్టారు. ఎవరో అప్పలరాజుని వేదిక మీదకి తోశారు. హేమచంద్ర ఆయన మెళ్ళో జరీ కండువా వేసి, చేతిలో మైకు పెట్టాడు.

అప్పలరాజు చేతికి మైకు వచ్చాక మాట రాకపోవడం అదే మొదటిసారి. కింద మేకపోతు తాడు పక్కనే సంతోష్ తల వంచుకుని నిలబడి ఉన్నాడు. తన కోసం అబద్ధమాడాడు వాడు. ఆ అబద్ధాన్ని మెళ్ళో వేసుకుని ఇంటికెళ్ళిపోతే ఎవరూ అడగరు. ఊళ్ళో మాట నిలబడుతుంది. పెద్దరికం ఇంకో మెట్టు పైకి పోతుంది. కండువా కూడా బాగుంది, మంచి జరీ.

"ఆ గుంటడు సెప్పింది అబద్దం," అన్నాడు మెల్లగా.

మైకు కీచుమంది. "ఏటీ? ఇనపడ్నేదు!" అని వెనక నుంచి ఎవరో.

"అబద్దం అన్నాను. నెమ్మదిగా బంతి ఎయ్యమని అడగడానికెల్లాను."

మళ్ళీ కీచు. "మైకు మూతికాడ ఎట్టుకో మావా!" అని అరిచాడు గంగన్న. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి మైకుకీ మూతి ఆనించి మాట్లాడిన మనిషికి ఆ సలహా ఇచ్చే అవకాశం మళ్ళీ రాదని వాడికి తెలుసు.

"మోసం సెయ్యమన్నాను! నానే! అల్లుడు సెయ్యనేదు!" అని అప్పలరాజు గొంతు చించుకుని అరిచాడు. ఈసారి మైకు శుభ్రంగా పనిచేసింది. సముద్రం దాకా వినబడి ఉంటుంది.

"సోదరులారా, వినండి! భాయిమానే, సుణంతు!" అని శ్యామసుందర్ అలవాటు కొద్దీ అందుకుని, మొత్తం ఒడియాలో, ఒక్క ముక్క పోకుండా చెప్పాడు. తెలుగు రానివాళ్ళు ఎవరైనా మిగిలిపోతారేమో అన్నట్టు రెండుసార్లు చెప్పాడు.

హేమచంద్ర కండువా వంక చూశాడు. వెనక్కి తీసుకోవాలో వద్దో ఆయనకి తోచలేదు, ఊరుకున్నాడు. అప్పలరాజు మైకు తనే కింద పెట్టి, తనే మెట్లు దిగాడు. లాక్కోవడానికి ఎవరూ రావాల్సిన అవసరం లేకపోయింది.

ఆ ఇబ్బంది కప్పెయ్యడానికి నిర్వాహకులు గబగబా ఫోటో అన్నారు. హేమచంద్ర మేకపోతు తాడుని రెండు వేళ్ళతో, ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది. తల్లి వాసవీకుమారి. స్పీకరు ఎక్కడ నొక్కుకుపోయిందో గానీ, ఆవిడ మాట పక్కనున్నవాళ్ళందరికీ వినబడింది: "నాయనా, గెలిచావట, సంతోషం. ఆ జంతువుని మాత్రం ఇంటికి తెచ్చావంటే నువ్వూ దాంతో బాటు గోడౌన్లోనే పడుకోవాలి."

ఆ మాట పూర్తికాకుండానే కుర్రాళ్ళు టపాకాయల దండ అంటించారు. మేకపోతు బెదిరి ఒక్క గుంజు గుంజింది. రెండు వేళ్ళ పట్టు ఏపాటిది? కప్పుని ఒక తన్ను తన్ని, తాడు ఈడ్చుకుంటూ మైదానం మీద పడింది. రంగు చొక్కాలవాళ్ళు భయపడి పక్కకి తప్పుకున్నారు. నూకాలపేటవాళ్ళు మాత్రం తప్పుకోలేదు. కళ్ళ ముందు నుంచి తాడు జారిపోతుంటే చేతులు ముడుచుకుని చూస్తూ ఉండడం ఆ ఊళ్ళో ఎవరికీ చేతకాదు. ఒకడు కొస దొరకబుచ్చుకున్నాడు, వాడి వెనక ఇంకొకడు, వాడి వెనక గంగన్న, ఓడిన టీము కుర్రాళ్ళు, చూడ్డానికొచ్చిన ముసలాళ్ళు. ఒక్క మేకని పాతికమంది "ఐలెస్సా" అంటూ మడమలు తన్నిపెట్టి లాగారు. చోటు చాలనివాళ్ళు ముందువాడి లుంగీ పట్టుకున్నారు. మేకపోతు ఇంత మర్యాద ఎన్నడూ ఎరగనట్టుగా నిలబడిపోయింది.

లాగడం అయిపోయాక ఎవరూ తాడు వదల్లేదు. అందరూ సంతోష్ వంక చూశారు. సంతోష్ హేమచంద్ర దగ్గరికి వెళ్ళాడు.

"బాబూ, తాడు మీద సెయ్యేసినోళ్ళకి కూర పెట్టి పంపాల. మా ఊళ్ళో అది కట్టుబాటు."

"అందరికీనా?"

"అందరికీ. నాను గెలిచిన మేకే గానీ, లాగింది ఆళ్ళు."

హేమచంద్ర చేతిలో ఇంకా మాట్లాడుతున్న ఫోన్ వంక ఒకసారి, మేక వంక ఒకసారి చూశాడు. ఆయన మొహంలో కనబడిన నిశ్చింత కప్పు అందుకున్నప్పుడు కూడా లేదు. "తీసుకెళ్ళండి బాబూ, మొత్తం తీసుకెళ్ళండి. కప్పు నాకుంటే చాలు. బ్యానరు మీద మేక బొమ్మ వేయించుకుంటాను," అన్నాడు.

జగ్గమ్మ ఎక్కడి నుంచో మసాలా గిన్నె ఎత్తి చూపించింది. ఊరంతా గోల. ఆ గోలకి పది బారల అవతల అప్పలరాజు ఒక్కడూ బ్యాటు చంకలో పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మేక పారిపోయినప్పుడు తాడు ఆయన కాళ్ళ ముందు నుంచే పోయింది. ఆయన ముట్టుకోలేదు.

"రా మావా!" అన్నాడు టీములో ఒకడు.

"నానెలా ముడతానురా? ఆ బోటులో ఉన్నోణ్ణి ఈ బోటుకి పని సెయ్యమన్నాను. నెల రోజులు. గంగన్నకో నాయం, నాకో నాయమా?"

గంగన్న నోరు తెరిచాడు. నిరుడు నెల రోజులు వాడు ఈ రోజు కోసమే ఎదురుచూశాడు. నిజమే మావా, నెల రోజులు అనబోయి, ఎందుకో సంతోష్ వైపు తిరిగాడు.

సంతోష్ తాడు కొస చేత్తో పట్టుకుని మామ దగ్గరికి నడిచి వచ్చాడు. రంగు చొక్కా విప్పి భుజాన వేసుకున్నాడు. లోపల పాత బనీను.

"గంగన్నకి నువ్వేటి సెప్పినావు మావా?" అన్నాడు. "శిచ్చ రేపు తెల్లారి నుంచి అన్నావు. ఇయ్యాల తాడు పట్టమన్నావు."

వెనక గంగన్న పక్కకి జరిగి తాడు మీద జానెడు చోటిచ్చాడు.

అప్పలరాజు మెళ్ళో కండువాతో మొహం తుడుచుకున్నాడు. బ్యాటు జగ్గమ్మ చేతికిచ్చి, రెండు చేతులతోనూ తాడు పట్టుకున్నాడు.